ఏడు క్లబ్బులు వదిలేయమ్మా, ఒక్క శనివారం గట్టిగా పట్టుకో

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. డాలస్ దగ్గర యూనివర్సిటీలో బయాలజీ చదువుతున్నావు, ఈ మే నెలతో సోఫమోర్, అంటే రెండో ఏడాది అయిపోతుంది, జీపీఏ 4కి 3.52, ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి భాగంలో బి మైనస్. ఏడు క్లబ్బుల్లో సభ్యురాలివి, రెండింటికి ట్రెజరర్‌వి, ఒక సెమిస్టర్ ల్యాబ్‌లో పని చేశావు, ఆసుపత్రి గిఫ్ట్ షాపులో 40 గంటలు వాలంటీరింగ్ చేశావు. నాన్నగారేమో ఈ వేసవికి విజయవాడ వెళ్ళి మామయ్య ఆసుపత్రిలో రెండు నెలలు షాడోయింగ్ చెయ్యి, అంటే డాక్టర్ల వెంట ఉండి పని చూడు, వచ్చే ఏడాదే అప్లై చెయ్యి, డిగ్రీ తర్వాత ఒక ఏడాది ఆగే గ్యాప్ ఇయర్ అంటే చదువు ఆపేసినట్టే అంటున్నారు. ఇవన్నీ చెప్పి, మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో ఇంకేం చేర్చాలి అని అడిగావు. ముందు కొన్ని తీసెయ్యాలి తల్లీ. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నేను గుంటూరులో ఎంబీబీఎస్ చేసి, ఇక్కడ అమెరికాకొచ్చి రెసిడెన్సీ, అంటే డాక్టర్‌గా ఆసుపత్రి శిక్షణ, చేశాను. ఇరవై ఏళ్ళుగా ఇంటర్నల్ మెడిసిన్ ప్రాక్టీసు, అందులో ఎనిమిదేళ్ళు ఒక మెడికల్ స్కూల్ అడ్మిషన్ల కమిటీలో కూర్చుని అప్లికేషన్లు చదివాను, ఇంటర్వ్యూలు చేశాను. నా కూతురు కూడా ఇదే దారిలో వెళ్ళింది. ఆ కథ కింద చెబుతాను, ఎందుకంటే అందులో తప్పు నాది.

మన ఇళ్ళల్లో మెడిసిన్ సీటు అనగానే ర్యాంకే గుర్తొస్తుంది. మా కాలంలో ఎంసెట్, ఇప్పుడు నీట్‌లో 720కి ఎన్ని వచ్చాయన్నది. ర్యాంకు వస్తే సీటు, రాకపోతే లేదు, నువ్వెవరు, ఎవరికి ఏం చేశావు అని అడిగేవాళ్ళుండరు. ఇక్కడ మార్కులు చూడరని కాదు, గట్టిగానే చూస్తారు. ఈమధ్య ఏటా దాదాపు 52 వేల మంది ఎండీ, అంటే మన ఎంబీబీఎస్ లాంటి డిగ్రీ ఇచ్చే స్కూళ్ళకి అప్లై చేస్తే 23 వేల మంది చేరుతున్నారు, చేరినవాళ్ళ సగటు జీపీఏ 3.77 పైనే, మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 528కి 511 పైనే ఉంటోంది. కానీ అలాంటి మార్కులున్నవాళ్ళు వేలల్లో ఉంటారు కాబట్టి, గడప దాటిన తర్వాత ఫైలు చదివే మనిషి వేరే ప్రశ్న వేసుకుంటారు. ఈ పిల్ల రోగుల దగ్గర నిజంగా గడిపిందా? ఆ పని ఎలా ఉంటుందో తెలిసే ఈ సీటు అడుగుతోందా? ఏడు క్లబ్బుల జాబితాలో దానికి జవాబు దొరకదు. గిఫ్ట్ షాపులో కూడా దొరకదు, అక్కడ నువ్వు చూసింది బెలూన్లు కొనుక్కునేవాళ్ళని.

ముందు జీపీఏ సంగతి తేల్చేద్దాం. 3.52 అంటే ఆశ వదులుకోవాల్సిన అంకె కాదు, అలాగని దాన్ని అలాగే ఉంచి ముందుకెళ్ళలేం. ఇప్పటికి 60 క్రెడిట్లు అయ్యాయనుకుందాం. జూనియర్, అంటే మూడో ఏడాది 30 క్రెడిట్లలో 3.9 తెచ్చుకుని ఆ వేసవిలోనే అప్లై చేస్తే మొత్తం 3.65 దగ్గర ఉంటుంది. సీనియర్, అంటే నాలుగో ఏడాది కూడా అదే 3.9 నిలబెట్టుకుని, ఆ తర్వాత అప్లై చేస్తే 3.71. పైగా ఏడాదేడాదికీ మార్కులు పెరుగుతూ వచ్చిన ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తే కమిటీలో మాకు ధైర్యంగా ఉంటుంది, ఈ అమ్మాయి చదవడం నేర్చుకుంది అని. ఆ బి మైనస్‌ని మళ్ళీ చదివి మార్చుకుందామని మాత్రం అనుకోకు. చాలా ఎండీ స్కూళ్ళకి ఉమ్మడిగా అప్లికేషన్లు తీసుకునే ఆమ్‌కాస్ లెక్కలో పాత గ్రేడూ కొత్త గ్రేడూ రెండూ కలుస్తాయి, పాతది చెరిగిపోదు. ఆర్గానిక్ రెండో భాగంలో, బయోకెమిస్ట్రీలో ఎ తెచ్చుకో, అదే దానికి సమాధానం. ఇంకో విషయం, టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళకి అప్లికేషన్ టీఎండీఎస్ఏఎస్ అనే రాష్ట్ర ఉమ్మడి సర్వీసు ద్వారా వెళ్తుంది కదా, వాళ్ళు ప్లస్సులు మైనస్సులు లెక్కలోకి తీసుకోరు. నీ బి మైనస్ ఆమ్‌కాస్‌లో 2.7 అయితే ఇక్కడ 3.0. బి ప్లస్ కూడా 3.0యే అనుకో, ఎ మైనస్ మాత్రం 4.0. రెండు లెక్కలూ విడివిడిగా వేసుకుని చూడు, ఒక్కోసారి ఆశ్చర్యంగా ఉంటుంది.

మార్కులు ఎందుకు తగ్గాయో నువ్వే రాశావు, తెలుసా? వారంలో నాలుగు సాయంత్రాలు క్లబ్ మీటింగులు అని రాశావు. ఆ నాలుగు సాయంత్రాల్లో రెండు ఆర్గానిక్‌కి, ఒకటి ప్రొఫెసర్ డౌట్లు చెప్పడానికి కూర్చునే ఆఫీస్ అవర్స్‌కి ఇవ్వు. ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళడానికి మన పిల్లలు సిగ్గుపడతారు, డౌట్ అడిగితే తెలివితక్కువ అనుకుంటారేమోనని. నీకు రేపు సైన్సు ప్రొఫెసర్ల నుంచి కనీసం రెండు సిఫార్సు లెటర్లు కావాలి. మూడొందల మంది క్లాసులో ఎ తెచ్చుకున్న అమ్మాయి గురించి ఆయన ఏం రాయగలడు? "క్లాసులో ఎ వచ్చింది" అని రాస్తాడు, అలాంటి లెటర్లు నేను వందలు చదివాను, చదివిన మరుక్షణం మర్చిపోయాను. పరీక్ష పోయిన తర్వాత ఆ పేపర్ పట్టుకుని వచ్చి ఎక్కడ తప్పు చేశానో చెప్పండి అని కూర్చున్న విద్యార్థి గురించి రాసిన లెటర్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇక అసలు విషయం, రోగుల దగ్గర గడపడం. మా ఊళ్ళో గుడి ఆవరణలో నెలకి రెండు శనివారాలు ఉచిత క్లినిక్ నడుస్తుంది, నేను అక్కడ చూస్తుంటాను. ఇన్సూరెన్స్ లేనివాళ్ళు వస్తారు, విజిటర్ వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మమ్మలూ తాతయ్యలూ వస్తారు. రెండేళ్ళ కిందట ఒక పెద్దావిడ వచ్చింది, బీపీ బాగా ఎక్కువ ఉంది. మందులు వేసుకుంటున్నారా అంటే వేసుకుంటున్నానమ్మా అంది. చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో కత్తిరించిన స్ట్రిప్పులు, మన మెడికల్ షాపుల్లో పది మాత్రలు కావాలంటే కత్తెరతో కోసి ఇస్తారు కదా, మందు పేరు సగం పోయి ఉంటుంది. నేను వేరే పేషెంట్‌తో ఉంటే మా వాలంటీర్ కుర్రాడొకడు, నీలాగే సోఫమోర్, ఆవిడ పక్కన కూర్చుని ఆ స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరిచాడు. వచ్చీరాని తెలుగులోనే మాట్లాడుతూ మాత్రలు లెక్కపెట్టాడు. లెక్క తేడా వచ్చింది. రోజుకొకటి వేసుకుంటే అన్ని మిగలకూడదు. మెల్లగా అడిగితే అప్పుడు చెప్పింది, తిరుగు టికెట్ ఆగస్టులో ఉందట, అప్పటిదాకా సరిపోవాలని రోజు విడిచి రోజు వేసుకుంటోందట, ఇక్కడ మందులు కొనాలంటే కొడుక్కి ఖర్చని ఇంట్లో చెప్పలేదట. వాడొచ్చి నాకు చెప్పాడు. మిగతాది నేను చూసుకున్నాను, తక్కువ ధరకి దొరికే జెనెరిక్ మందు రాసిచ్చాను. వాడు వైద్యం ఏమీ చెయ్యలేదు, చెయ్యకూడదు కూడా. కానీ ఆ అరగంట గురించి వాడు ఎవరి ముందు కూర్చున్నా మాట్లాడగలడు, ఎందుకంటే అది వాడిది. ఆ శనివారాలు వాడు రెండున్నరేళ్ళు వదలకుండా వచ్చాడు కాబట్టే అలాంటి రోజు వాడికి దొరికింది.

నీకు కావలసింది అది. ఒకే చోట, వారం వారం, ఏడాది రెండేళ్ళ పాటు. ఉచిత క్లినిక్ కావచ్చు, చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే హాస్పిస్‌లో వాలంటీరింగ్ కావచ్చు, డబ్బు కూడా వచ్చే పని కావాలంటే డాక్టర్ చెప్పింది రాసిపెట్టే మెడికల్ స్క్రైబ్, మెడికల్ అసిస్టెంట్, నర్సింగ్ అసిస్టెంట్, అంబులెన్స్‌లో పని చేసే ఈఎంటీ, ఏదైనా. ఈఎంటీ, నర్సింగ్ అసిస్టెంట్ లాంటివాటికి కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, వేసవిలో అయిపోతుంది. నర్సింగ్ అసిస్టెంట్ పనంటే ముసలివాళ్ళకి స్నానం చేయించడం, డయపర్లు మార్చడం అని మీ ఇంట్లో మొహం చిట్లిస్తారేమో, ఆ పని చేసిన పిల్లలు ఇంటర్వ్యూలో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. షాడోయింగ్ కూడా కావాలి, కానీ అది చూడటం మాత్రమే. ఒక ఫ్యామిలీ డాక్టర్ దగ్గర, ఇంకో ఇద్దరు ముగ్గురి దగ్గర కలిపి 40, 50 గంటలు చాలనే నా అభిప్రాయం, 300 గంటల షాడోయింగ్ చూసి మేమెవ్వరం ముచ్చటపడలేదు.

ల్యాబ్ పని నచ్చితే కొనసాగించు. నచ్చకపోతే, పరిశోధనకి పెద్దపీట వేసే స్కూళ్ళని వదిలేసి మిగతావాటి మీద దృష్టి పెట్టు, ఏమీ కాదు. క్లబ్బుల్లో నీకు నిజంగా ఇష్టమైనది ఒకటి ఉంచుకో. కూచిపూడి పదేళ్ళు నేర్చుకున్నానని ఎక్కడో చివర్లో రాశావు, దాన్ని ఎందుకు అలా మూలన పెట్టావు? చిన్నపిల్లలకి నేర్పుతున్నానని కూడా రాశావు. అది ఐదు ట్రెజరర్ పదవుల పెట్టు.

విజయవాడ సంగతి. ఇది నాన్నగారికి కూడా చదివి వినిపించు. అన్నయ్యగారూ, మీ ఉద్దేశం మంచిదే, మామయ్యగారు ప్రేమగా ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తారు, మాస్కు కట్టుకుని నుంచోమంటారు, ఒకరోజు ఉత్సాహంగా ఈ రిట్రాక్టర్ పట్టుకో అంటారు, ఇంకో రోజు ఒక కుట్టు వెయ్యనిస్తారు. అక్కడితో మొదలవుతుంది సమస్య. ఇక్కడ మెడికల్ స్కూళ్ళ సంఘం ఏఏఎంసీ, విదేశాలకి వెళ్ళే ప్రీమెడ్, అంటే మెడిసిన్‌కి సిద్ధమయ్యే విద్యార్థుల కోసం మార్గదర్శకాలే విడుదల చేసింది, శిక్షణ లేనివాళ్ళు రోగి మీద చెయ్యి వెయ్యకూడదని, ఇక్కడ చెయ్యకూడనిది అక్కడా చెయ్యకూడదని దాని సారం. మా కమిటీ ముందుకి ఒకసారి అలాంటి వ్యాసమే వచ్చింది. మన వైపు ఊళ్ళో బంధువుల నర్సింగ్ హోమ్‌లో వేసవిలో కుట్లు వేశానని గర్వంగా రాసుకుంది ఆ విద్యార్థి. మార్కులు చాలా బాగున్నాయి. టేబుల్ దగ్గర ఒకాయన అడిగాడు, ఆ రోగికి తెలుసా, తన మీద కుట్లు వేస్తున్నది పందొమ్మిదేళ్ళ కాలేజీ పిల్ల అని? ఎవరూ ఏమీ అనలేదు. ఆ గదిలో తెలుగుదాన్ని నేనొక్కదాన్నే, ఆ రోగి ఎవరై ఉంటుందో, సంతకం ఎలా పెట్టి ఉంటుందో నా కళ్ళ ముందు కనిపించింది. ఆ ఫైలు అక్కడే ఆగిపోయింది. కాబట్టి పాపని విజయవాడ పంపండి, అమ్మమ్మ దగ్గర రెండు వారాలు ఉండి రానివ్వండి. మామయ్యగారి ఓపీలో ఒక మూల కూర్చుని చూస్తే చూడనివ్వండి, ఫొటోలు వద్దు, చెయ్యి వెయ్యడం వద్దు. రెండు నెలలు మాత్రం వద్దు, ఆ సమయం ఆమెకి ఇక్కడ కావాలి.

గ్యాప్ ఇయర్ గురించి కూడా మీకే చెప్పాలి. ఇప్పుడు మెడికల్ స్కూల్లో చేరేవాళ్ళలో ఎక్కువమంది డిగ్రీ తర్వాత కనీసం ఒక ఏడాది ఆగి చేరుతున్నవాళ్ళే. ఇది నాకూ ముందు మింగుడుపడలేదు. నా కూతురు ఒక ఏడాది ఆగుతానంటే నేను ఒప్పుకోలేదు, బంధువుల పిల్లలందరూ నేరుగా వెళ్ళారు నువ్వెందుకు ఆగాలి అన్నాను. చదువూ ఎంక్యాటూ ఒకేసారి నడిపింది, ప్రాక్టీస్ పరీక్షల్లో 505 దాటట్లేదని చెబుతూనే ఉంది, అసలు రోజున మంచి స్కోరు పై నుంచి దిగొస్తుందేమో అన్నట్టు పంపించాను. 504 వచ్చింది. స్కోరు కోసం ఆగి, ఒక్కో స్కూలు విడిగా అడిగే సెకండరీ వ్యాసాలు ఆలస్యమై, అంతా పూర్తయ్యేసరికి సెప్టెంబరు చివర. ఒక్క ఇంటర్వ్యూ, వెయిట్ లిస్టు, తర్వాత ఏమీ లేదు. ఆ ఏప్రిల్లో నా కూతురు భోజనాల దగ్గర నా మొహం చూడలేదు, ఆ నెల నేను మర్చిపోలేను. తర్వాతి ఏడాది ఒక పిల్లల క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా పని చేసింది, ఎంక్యాట్ మళ్ళీ రాసి 513 తెచ్చుకుంది, ఈసారి జూన్ మొదటి వారంలోనే అప్లై చేసింది. సీటు వచ్చింది. మొదటే ఆగి ఉంటే ఒక తిరస్కరణ, ఆ ఏప్రిల్ తప్పేవి, కొన్ని వేల డాలర్లు మిగిలేవి.

ఎంక్యాట్ గురించి నాకు తెలిసినంత చెబుతాను. 472 నుంచి 528 దాకా స్కోరు, నాలుగు సెక్షన్లు, ఒక్కో దానికి 118 నుంచి 132. విరామాలతో కలిపి ఏడున్నర గంటలు. ఒక ఏడాదిలో మూడుసార్లు, వరసగా రెండేళ్ళలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లకి మించి రాయనివ్వరు, రాసిన ప్రతి స్కోరూ స్కూళ్ళకి కనిపిస్తుంది, కాబట్టి ఒకసారి రాసి చూద్దాం అనే పరీక్ష కాదిది. ఏఏఎంసీ వాళ్ళ సొంత పూర్తి నిడివి ప్రాక్టీస్ పరీక్షల్లో నీ చివరి మూడు స్కోర్ల సగటు నువ్వు అనుకున్నచోటికి చేరేదాకా డేట్ వాయిదా వెయ్యడానికి మొహమాటపడకు. మన పిల్లలు కెమిస్ట్రీ, బయాలజీ ఎలాగోలా లాగేస్తారు, చదివి అర్థం చేసుకునే సెక్షన్, కార్స్ దగ్గర దొరికిపోతారు. 90 నిమిషాల్లో తొమ్మిది పాసేజీలు, 53 ప్రశ్నలు, తత్వశాస్త్రం, కళలు, చరిత్ర ఏదైనా రావచ్చు, ముందే బట్టీ పట్టడానికి ఏమీ ఉండదు. దానికి మూడు నెలల కోచింగ్ చాలదు. ఈ రోజు నుంచే రోజుకి అరగంట, నీ సబ్జెక్టు కానిది, కాస్త కష్టంగా ఉండే గద్యం చదివి, ఈయన ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు అని రెండు వాక్యాల్లో చెప్పుకో.

నా లెక్కలో నువ్వు జూనియర్ ఏడాది చదువు మీద పెట్టి, సీనియర్ ఏడాదికి ముందు వేసవిలో ఎంక్యాట్‌కి చదివి, డిగ్రీ అయిపోయే మే, జూన్ నెలల్లో అప్లై చెయ్యాలి. అప్లికేషన్లు తెరిచేది మే మొదట్లో. చాలా స్కూళ్ళు వచ్చినవి వచ్చినట్టు చదివి ఇంటర్వ్యూలకి పిలుస్తుంటాయి, కాబట్టి జూన్‌లో పంపినదానికీ సెప్టెంబరులో పంపినదానికీ చాలా తేడా. తర్వాత సెకండరీ వ్యాసాలు వరసగా మీద పడతాయి, రెండు వారాల్లో తిప్పి పంపాలని పెట్టుకో.

ఇప్పటి నుంచే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. ప్రతి శనివారం రాత్రి నాలుగు లైన్లు. ఎవరొచ్చారు, పేరు వద్దు, నువ్వేం చేశావు, ఏది అర్థం కాలేదు. ఆమ్‌కాస్‌లో 15 యాక్టివిటీల దాకా రాయొచ్చు, ఒక్కోదానికి 700 అక్షరాలే, ఖాళీలతో కలిపి. ముఖ్యమైన మూడింటికి ఇంకో 1325 అక్షరాలు ఇస్తారు. రెండేళ్ళ తర్వాత కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే "రోగుల పట్ల కరుణ నేర్చుకున్నాను, నాయకత్వ లక్షణాలు పెంపొందించుకున్నాను" లాంటివే వస్తాయి, అందరివీ అలాగే ఉంటాయి. ఆ కుర్రాడు వాడి ఫారంలో ఇలా రాశాడు, నేను తెలుగులో చెబుతున్నాను: "మాత్రలు లెక్కపెడితే పద్నాలుగు ఎక్కువ ఉన్నాయి. అప్పుడు నేను అడిగే ప్రశ్న మార్చాను." రెండు వాక్యాలు. చదివినవాళ్ళకి ఆ పద్నాలుగు మాత్రలు గుర్తుండిపోతాయి. 15 ఖాళీలున్నాయని 15 నింపక్కర్లేదు. డాక్టర్ ఎందుకు కావాలనుకుంటున్నావో చెప్పే పర్సనల్ స్టేట్‌మెంట్‌లో కూడా "చిన్నప్పుడు తాతయ్యకి గుండెపోటు వచ్చినప్పుడు" అని మొదలుపెట్టే ముందు ఆలోచించు. అది నిజమే కావచ్చు, కానీ పన్నెండేళ్ళప్పుడు ఏం అనిపించిందో కంటే ఇరవై ఏళ్ళకి ఏం చేశావన్నది మాకు ఎక్కువ కావాలి.

డబ్బు, స్కూళ్ళ సంగతి తొందరగా చెప్పేస్తాను. నువ్వు టెక్సస్ రెసిడెంట్‌వి, పైగా ఇక్కడే పుట్టానన్నావు, అది పెద్ద అదృష్టం. ఇక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళలో కనీసం 90 శాతం సీట్లు రాష్ట్రం పిల్లలకే, ఫీజులు కూడా దేశంలో తక్కువ ఉన్నవాటిలోవి. 2025 జులైలో వచ్చిన చట్టంతో, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే మెడికల్ విద్యార్థులకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షల డాలర్లకి మించదు, కాబట్టి ఖరీదైన ప్రైవేటు స్కూళ్ళ జాబితా రాసుకునేటప్పుడు నాన్నగారితో కూర్చుని లెక్క చూసుకోండి. నీ స్నేహితుల్లో తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్-4 వీసాలో ఉన్నవాళ్ళుంటే వాళ్ళకి ఈ మాట చేరవెయ్యి: 21 నిండితే ఆ హోదా పోతుంది, చాలా మెడికల్ స్కూళ్ళు పౌరులనీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళనీ మాత్రమే తీసుకుంటాయి, ఫెడరల్ లోన్ రాదు. వాళ్ళు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవాల్సింది ఇప్పుడే, అప్లై చేసే ఏడాది కాదు.

ఎండీకి సమానమైన ఇంకో డాక్టర్ డిగ్రీ డీవో, అది వద్దని నాన్నగారు అన్నారని రాశావు. అన్నయ్యగారూ, నా పక్క గదిలో పని చేసే సహోద్యోగి డీవోనే, నాకు ఒంట్లో బాగోకపోతే నేను వెళ్ళేది ఆవిడ దగ్గరికే. యాభై రాష్ట్రాల్లోనూ ఎండీకి ఉన్న హక్కులన్నీ డీవోకి ఉన్నాయి, 2020 నుంచి రెసిడెన్సీలు కూడా ఒకే వ్యవస్థ కింద నడుస్తున్నాయి. ఫోర్ట్ వర్త్‌లో ఉన్న టీకామ్ ప్రభుత్వ డీవో స్కూలు, టీఎండీఎస్ఏఎస్‌లోనే ఉంటుంది, జాబితాలో తప్పకుండా పెట్టండి. తొందరపడి కరీబియన్ దీవుల మెడికల్ స్కూళ్ళలో చేరడం కంటే ఒక ఏడాది ఆగి ఇక్కడ మళ్ళీ అప్లై చెయ్యడం వంద రెట్లు మేలు. అక్కడ చేరడం సులువు, పూర్తి చేసి తిరిగి ఇక్కడ రెసిడెన్సీ సంపాదించడం దగ్గరే చాలామంది ఆగిపోతారు, అప్పు మాత్రం ఆగదు.

ఈ వారం చెయ్యాల్సినవి. ఆరు క్లబ్బులకి మర్యాదగా ఈమెయిల్ పెట్టు, వచ్చే సెమిస్టర్ నుంచి ఉండలేనని. మీ ఇంటికి అరగంట దూరంలో ఉన్న ఉచిత క్లినిక్కులు ఏమున్నాయో వెతికి మూడింటికి ఫోన్ చెయ్యి, ఈమెయిల్ చేస్తే జవాబు రాకపోవచ్చు, ఫోనే చెయ్యి. శనివారాలు వస్తానని, రెండేళ్ళు వస్తానని చెప్పు, ఆ రెండేళ్ళనే మాట వాళ్ళకి చాలా ముఖ్యం, ఎందుకంటే వాళ్ళు నేర్పించేసరికి పిల్లలు మానేస్తుంటారు. ఆర్గానిక్ ప్రొఫెసర్ ఊళ్ళో ఉంటే ఫైనల్ పేపర్ చూపించమని అడుగు. ఆగస్టులో క్లాసులు మొదలయ్యాక నాలుగు శనివారాల నోట్సు అయిపోతే, అందులో ఒకదాన్ని 700 అక్షరాల్లో రాసి నాకు పంపు, చూసి చెబుతాను.